బండి వచ్చింది, బాధ్యత ఎవరిది?

తెల్లవారి ఆరు గంటలకు ఊళ్లోకి చెత్త బండి వస్తుంది. ఒకప్పుడు అది చేత్తో తోసే బండి. తరువాత తొక్కుడు రిక్షా వచ్చింది. ఇప్పుడు కొన్ని పంచాయతీలకు బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి వచ్చింది. పొగ లేదు, చప్పుడు లేదు, డీజిల్ ఖర్చు లేదు. పారిశుద్ధ్య కార్మికురాలికి రిక్షా తొక్కే బాధ తప్పింది. వచ్చిన రోజున బండికి పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. పెద్దలందరూ ఫోటోలు దిగారు.

ఏడాది తిరక్కుండానే కొన్నిచోట్ల ఆ బండి పంచాయతీ ఆఫీసు వెనక్కు చేరింది. దాని నీడన మేకలు పడుకుంటున్నాయి. కార్మికురాలు మళ్లీ పాత రిక్షా తొక్కుతున్నది. ఏమైందని అడిగితే ‘బ్యాటరీ పోయిందండి’ అంటారు. ఎందుకు పోయిందని అడిగితే మాత్రం జవాబు లేదు. సర్పంచ్ కార్యదర్శిని చూపిస్తారు. కార్యదర్శి డ్రైవరును చూపిస్తారు. డ్రైవరు మెకానిక్కును చూపిస్తాడు. మెకానిక్కు ఫోను ఎత్తడు.

నిజానికి ఇందులో బండి తప్పు తక్కువ. బండిని కొన్నారు గాని, దానిని చూసుకునే మనిషిని నియమించలేదు. అసలు లోపం అక్కడే ఉంది.

ఇది ఒక్క పంచాయతీల సమస్య కాదు. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 36 చిన్న మునిసిపాలిటీలకు ఒకేసారి 516 బ్యాటరీ ఆటోలను చెత్త సేకరణకు ఇచ్చారు. పాల క్యాన్లు మోసేవారు, మంచినీళ్ల డబ్బాలు వేసేవారు, కూరగాయలు అమ్మేవారు కూడా ఇటువంటి బండ్లు కొంటున్నారు. అప్పు చేసి కొన్నవారు చాలామంది. బండి ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. కనుక ఈ నాలుగు మాటలు అందరికీ పనికి వస్తాయని రాస్తున్నాము.

నోరు లేని ఎద్దు

మా ఊళ్లో ఒక పెద్దాయన ఈ బండిని చూసి, ‘ఎద్దయితే ఆకలేస్తే అరుస్తుంది. దీనికి నోరు లేదు కదా బాబూ, ఎలా తెలుస్తుంది?’ అన్నారు. చదువుకున్న ఇంజనీరు కూడా ఇంతకన్నా బాగా చెప్పలేడు. ఈ బండికి బ్యాటరీయే ఎద్దు. వేళకు మేత, నీళ్లు, విశ్రాంతి ఇస్తే పని చేస్తుంది. కడుపు మాడ్చి పని చేయిస్తే చెప్పకుండా కూలబడుతుంది.

ఈ బండ్లలో రెండు రకాల బ్యాటరీలు ఉంటాయి. మొదటిది సీసం, ఆమ్లం ఉన్న పాత రకం. సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపి 48 వోల్టులు చేస్తారు. రెండవది లిథియం రకం. దీనికి నీళ్లు పోసే పని లేదు. మూత విప్పకూడదు. దానితో వచ్చిన ఛార్జరు తప్ప వేరేది పెట్టకూడదు. మీ బండిలో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోండి. ఒకదానికి చేసే సేవ రెండవదానికి పనికి రాదు.

సీసం బ్యాటరీలు ఎక్కువగా పాడయ్యేది రెండు కారణాల వల్ల. బండి ఇక కదలనని మొరాయించే వరకు నడపడం ఒకటి. అలా ఖాళీ అయిన బ్యాటరీని రేపు చూద్దాంలే అని వదిలేయడం రెండవది. ఖాళీగా ఉన్న బ్యాటరీలో సీసం పలకల మీద తెల్లటి పొర ఏర్పడి గట్టిపడుతుంది. ఆ పొర ముదిరితే ఎంత ఛార్జింగ్ పెట్టినా పట్టదు. కనుక సగం వాడగానే మళ్లీ నింపుకోవడం మంచిది. 100 ఆంపియర్-గంటల బ్యాటరీలు నాలుగు ఉంటే వాటిలో పట్టేది 4.8 యూనిట్ల కరెంటు. సగం వాడి నింపుకుంటే నష్టాలతో కలిపి మూడు నాలుగు యూనిట్లు సరిపోతాయి. ఆ కాస్త కరెంటుకు వెనకాడి వేల రూపాయల బ్యాటరీలను పోగొట్టుకోవడం తెలివి అనిపించుకోదు.

ఇక నీళ్ల సంగతి. ఇందులో పోయవలసింది డిస్టిల్డ్ వాటరు మాత్రమే. బోరు నీళ్లలో, బావి నీళ్లలో ఉప్పులు ఉంటాయి. అవి పలకలను తినేస్తాయి. నీళ్లు తగ్గాయని ఆమ్లం పోసేవారు కూడా ఉన్నారు. అది ఇంకా పెద్ద పొరపాటు. ఆవిరయ్యేది నీరే గాని ఆమ్లం కాదు. ఛార్జింగ్ పూర్తయిన తరువాతనే నీళ్లు పోయాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి ఆమ్లం బయటికి వస్తుంది. పలకలు తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత పోసి, ఆ తరువాత ఛార్జింగ్ పెట్టాలి.

నాలుగు బ్యాటరీలలో ఒకటి పోతే దాని స్థానంలో కొత్తది పెట్టి సరిపెట్టేవారు ఉన్నారు. ముసలి ఎద్దుకు జోడీగా కోడెను కడితే కాడి ఎలా సాగుతుందో ఇదీ అంతే. పాతవి కొత్తదానిని కూడా పాడు చేస్తాయి. నాలుగూ ఒకే రకం, ఒకే వయసువి ఉండాలి.

ఛార్జింగ్ పెట్టే చోటు

బండి పాడైతే డబ్బు పోతుంది. ఛార్జింగ్ దగ్గర అజాగ్రత్తగా ఉంటే ప్రాణమే పోతుంది. కొన్నిచోట్ల కిటికీలోంచి సన్నటి వైరు లాగి, ప్లగ్గు లేకుండా తీగలను నేరుగా సాకెట్టులో గుచ్చి, అగ్గిపుల్లలు దోపుతున్నారు. కింద నేల తడిగా ఉంటుంది. పక్కనే పిల్లలు ఆడుతుంటారు. ఇది చూస్తూ ఊరుకోవలసిన విషయం కాదు. మూడు కాళ్ల ప్లగ్గు, ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన మందం గల వైరు, కరెంటు లీకయితే తనంతట తాను ఆగిపోయే స్విచ్చి, ఈ నాలుగూ తప్పనిసరి. చెత్త షెడ్డులో ఈ ఏర్పాటు చేయడానికి అయ్యే ఖర్చు బండి ధరలో చిన్న వంతు కూడా కాదు.

సీసం బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరినా నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కనుక మూసిన గదిలో ఛార్జింగ్ పెట్టరాదు. దగ్గరలో బీడీ, చుట్ట, దీపం ఉండరాదు. లోపల నీరు ఎంత ఉందో చూడటానికి అగ్గిపుల్ల గీసి చూసేవారు కూడా లేకపోలేదు. అంతకన్నా ప్రమాదం మరొకటి లేదు. పట్టపగలు గాని, టార్చిలైటుతో గాని చూడాలి.

లిథియం బ్యాటరీకి వేడే శత్రువు. ఎండన పడి వచ్చిన బండికి వెంటనే వైరు తగిలించకుండా నీడన అరగంట ఆగనివ్వాలి. బ్యాటరీ పెట్టె ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా దానిని వాడకూడదు. ఏ రకం బండినైనా జనం పడుకునే గదిలోగాని, ఇంటి గుమ్మానికి అడ్డంగాగాని ఛార్జింగ్ పెట్టకూడదు. మంటలు లేస్తే బయటికి దారి ఉండాలి కదా!

నడిపేటప్పుడు

చప్పుడు లేకపోవడం ఈ బండి గొప్పతనం. ప్రమాదం కూడా అక్కడే ఉంది. వెనుక నుంచి బండి వస్తున్నట్లు ముసలివారికి, బడి పిల్లలకు వినిపించదు. సందు మలుపుల్లో గంటగాని, హారనుగాని తప్పక మోగించాలి. వెనక్కు తీసేటప్పుడు ఒక మనిషి దిగి చూడాలి.

చెత్త ఎత్తడానికి దిగినప్పుడు చాలామంది తాళం తీయరు. ఇంజను మోగదు కనుక బండి ఆగి ఉందనే అనుకుంటాము. ఏ పిల్లవాడో ఎక్కి హ్యాండిల్ తిప్పితే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. దిగిన ప్రతిసారీ తాళం తీసి, చేతి బ్రేకు వేయాలి.

మూడు చక్రాల బండికి ముందు ఒకటే చక్రం. వేగంగా మలుపు తిప్పితే పక్కకు ఒరుగుతుంది. బరువు ఎత్తుగా పేర్చితే ఇంకా త్వరగా ఒరుగుతుంది. కాలువ గట్ల మీద నడిపేవారు ఈ సంగతి మరువరాదు. ఇ-రిక్షాలను, ఇ-కార్టులను 2015లో మోటారు వాహనాల చట్టంలో ప్రత్యేకంగా చేర్చారు. నిబంధనల ప్రకారం ఇ-కార్టు 310 కిలోల సరుకు మించి మోయకూడదు. ఇ-రిక్షాలో నలుగురు ప్రయాణికులు, 40 కిలోల సామాను మించరాదు. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటరాదు. ఈ రెండూ నడపడానికి లైసెన్సు ఉండాలి. లైసెన్సుకు ముందు కనీసం పది రోజుల శిక్షణ ఉండాలి. అంతకన్నా పెద్ద బ్యాటరీ ఆటోలకు ఎంత బరువు మోయవచ్చునో వాటి రిజిస్ట్రేషన్ కాగితంలో ఉంటుంది. ‘బండి లాగుతోంది కదా’ అని వరి బస్తా మీద బస్తా వేస్తే మోటారు కాలుతుంది, బ్రేకులు పట్టవు.

సాయంత్రం బండిని కడగడం మంచిదే. అయితే పైపు పెట్టి బ్యాటరీ మీద, మోటారు మీద, స్విచ్చుల మీద నీళ్లు కొట్టకూడదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. వర్షాకాలంలో లోతు తెలియని నీటిలోకి బండిని దించరాదు. నీటిలోంచి బయటికి వచ్చాక బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి, పట్టుతున్నదో లేదో చూసుకోవాలి.

రోజూ పది నిమిషాలు

ఉదయం బండి తీసే ముందు పది నిమిషాలు కేటాయిస్తే చాలు. టైర్లలో గాలి, బ్రేకు, లైట్లు, హారను, హ్యాండిల్, వైర్లు ఎక్కడైనా ఒరుసుకున్నాయా, మీటరులో ఛార్జి ఎంత ఉంది, ఇవి చూడాలి. వారానికి ఒకసారి సీసం బ్యాటరీలలో నీటి మట్టం చూడాలి. కొసల మీద పచ్చటి, తెల్లటి పొడి పడితే మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరిన తరువాత వాజలైన్ రాయాలి. నెలకు ఒకసారి హైడ్రోమీటరుతో చూడాలి. 1.260 నుంచి 1.280 వరకు ఉంటే నిండుగా ఛార్జి అయినట్లు. నాలుగింటిలో ఒకటి బాగా తగ్గి ఉంటే మెకానిక్కుకు చెప్పాలి.

బ్యాటరీ దగ్గర పని చేసేటప్పుడు ఉంగరం, గాజులు, మెడలో గొలుసు తీసివేయాలి. రెండు కొసలకు ఒకేసారి స్పానరు తగిలితే మెరుపులాంటి మంట వస్తుంది, ఇనుము కూడా కరుగుతుంది. ఆమ్లం కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. పసరు మందులు, నూనెలు పెట్టరాదు. ఛార్జింగ్‌లో మంటలు లేస్తే ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. మనుషులను దూరంగా పంపి 101కు ఫోను చేయాలి. లిథియం బ్యాటరీ పొగ విషం. ఆరిపోయిందనుకున్న తరువాత కూడా అది మళ్లీ అంటుకోవచ్చును. దగ్గరికి పోకూడదు.

పంచాయతీలు చేయవలసింది

ఇవన్నీ కార్మికురాలి నెత్తిన వేసి పెద్దలు చేతులు దులుపుకుంటే కుదరదు. ఆమెకు శిక్షణ ఇప్పించారా? చేతి తొడుగులు, బూట్లు ఇచ్చారా? డిస్టిల్డ్ వాటరు కొనడానికి డబ్బు ఎవరిని అడగాలో చెప్పారా? ఇవేమీ చేయకుండా బండి చెడిపోయిందని ఆమె జీతం కోయడం అన్యాయం.

ప్రతి బండికి ఒక పుస్తకం పెట్టాలి. ఏ రోజు ఎంత దూరం తిరిగింది, ఎప్పుడు ఛార్జింగ్ పెట్టారు, ఎప్పుడు నీళ్లు పోశారు, ఏమి చెడింది, ఎవరికి చెప్పారు అన్నది అందులో రాయాలి. రాయడం రానివారికి కార్యదర్శి రాసిపెట్టాలి. నెలకు ఒకసారి సర్పంచ్ చూసి సంతకం చేయాలి. గ్యారంటీ ఉన్న కాలంలో బండి చెడితే కంపెనీతో మాట్లాడటానికి ఈ పుస్తకమే సాక్ష్యం.

సీసం బ్యాటరీలు ఎంత బాగా చూసినా రోజూ తిరిగే బండిలో కలకాలం ఉండవు. వాటిని మార్చవలసిన రోజు వస్తుందని కొన్ననాడే తెలుసు. అందుకు నెలనెలా కొంత సొమ్ము పక్కన పెట్టాలి. పాత బ్యాటరీలను పాత ఇనుము బేరగాళ్లకు వేయరాదు. పెరట్లో పగలగొట్టి సీసం తీస్తే ఆ విషం నేలలోకి, బావిలోకి, పిల్లల ఒంట్లోకి చేరుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వీటిని తయారీదారులే వెనక్కు తీసుకునే ఏర్పాటు చేయాలని చెబుతున్నాయి. కొత్తవి కొన్న చోటనే పాతవి అప్పగించి రసీదు తీసుకోవాలి.

గ్రామస్తులకూ ఒక మాట. వచ్చే గ్రామసభలో రోడ్లు, దీపాలతో పాటు ‘మన బండి ఎలా ఉంది? దాని పుస్తకం ఏది?’ అని కూడా అడగండి. అది ఎవరి సొంత ఆస్తీ కాదు, మన పన్నులతో వచ్చింది. తన ఎద్దుకు మేత వేయకుండా పొలానికి తోలే రైతు మన ఊళ్లలో ఉండడు. ఊరి ఎద్దు విషయంలో మాత్రం అందరూ ఉండి ఎవరూ లేనట్లయింది. మేకలకు నీడనివ్వడానికి చింతచెట్లు చాలు. బండిని ఊళ్లోకి తోలండి.