దూకించడానికి ముందు నేర్పవలసినవి

ఈసారి మనుషుల వ్యాధులను కొంత పక్కన పెట్టి, మన ఇళ్లలో మనతో కలిసి జీవించే ఒక ప్రాణి గురించి మాట్లాడదలచాను. విదేశాలలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లివచ్చిన తల్లిదండ్రులు కొందరు అక్కడి ‘అజిలిటీ’ తరగతుల గురించి ముచ్చటగా చెబుతుంటారు. పెంపుడు కుక్క అడ్డుకర్రలు దూకుతుంది, గొట్టంలో దూరి ఆవలి వైపు నుంచి వస్తుంది, వరుసగా నిలిపిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పరుగెత్తుతుంది. యజమాని దానిని తాకకుండా, మాటతోనూ సైగతోనూ దారి చూపుతాడు. చూడ ముచ్చటైన ఆటే. కాని వీడియోలు చూసి నాలుగు నెలల పిల్లను స్టూళ్ల మీదుగా దూకించడం ఆట కాదు, ఆ ప్రాణికి అపకారం అని నా దృఢమైన అభిప్రాయం.

ఈ క్రీడ బ్రిటన్‌లో పుట్టింది. గుర్రాలు అడ్డంకులు దూకే పోటీని నమూనాగా తీసుకుని, 1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ శునక ప్రదర్శనలో ప్రేక్షకుల వినోదం కోసం దీనిని తొలిసారి చూపారు. 1980లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీనిని క్రీడగా గుర్తించింది. 18 నెలలు నిండని కుక్కను ఆ పోటీలలోకి అనుమతించరు.

ఈ నిబంధనకు శాస్త్రీయమైన ఆధారం ఉంది. ఎదిగే వయసులో పొడవైన ఎముకల చివర మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. అది గట్టిపడక ముందు పదేపదే ఎత్తు నుంచి దూకిస్తే దెబ్బతిని, కాలు వంకర కావచ్చు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులలో ఎముకల ఎదుగుదల ముగియడానికి ఏడాదికి పైగా పడుతుంది. తుంటి కీలు లోపాలు కూడా ఈ జాతులలోనే ఎక్కువ. కనుక ముందు పశువైద్యునికి చూపించండి. బరువు ఎక్కువైతే తగ్గించండి.

మంచి స్థానిక క్లబ్‌ను ఎలా గుర్తించాలి? మొదటి వారాలలో అక్కడ దూకుడు దాదాపు ఉండదు. పిలిస్తే రావడం, చెప్పిన చోట ఆగడం, ఇతర కుక్కలను చూసి బెదరకుండా, మీద పడకుండా ఉండడం నేర్పుతారు. అడ్డుకర్రను నేల మీదనే ఉంచి దాటిస్తారు. గొట్టాన్ని పొట్టిగా మడిచి, ఆవలి వైపు యజమాని కనబడేలా కూర్చోబెడతారు. సరిగ్గా చేసిన మరుక్షణమే చిన్న తినుబండారం గాని, ఆటబొమ్మ గాని ఇస్తారు. ఆలస్యమైతే బహుమతి దేనికో కుక్కకు అర్థం కాదు. గొలుసు లాగి, కర్ర చూపి నేర్పే చోట ఒక్క రోజు కూడా ఉండకండి. భయపడిన కుక్క నేర్చుకోదు. ఏదో ఒకనాడు కరుస్తుంది.

నిజానికి ఆ తరగతిలో ఎక్కువగా నేర్చుకోవలసినవాడు యజమానే. కుక్క మన మాట కంటే మన భుజాలు, పాదాలు ఎటు తిరిగాయో ముందు గమనిస్తుంది. నోటితో ఎడమ అని, దేహంతో కుడి చూపితే తప్పు దానిది కాదు.

మన ఎండలను మరువకండి. కుక్క ప్రధానంగా రొప్పుతూనే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. కనుక వేసవిలో తెల్లవారుజామునే, కొద్ది నిమిషాలే ఆడించండి. నీళ్లు దగ్గర ఉంచండి. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ వంటి జాతులకు మరింత జాగ్రత్త అవసరం. విపరీతంగా రొప్పినా, తూలినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు నీటితో తడిపి, పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్న యజమానులు తమ వైద్యుని అడిగిన తరువాతే పరుగెత్తాలి. రేబిస్ టీకా వేయించని కుక్కను తరగతికి తీసుకువెళ్లరాదు. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.

ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. ముద్దుగా ఉందని పెద్ద జాతి పిల్లను కొని, అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టివేసి, అది అరిచి, కొరికి, అదుపు తప్పాక వీధిలో వదిలివేస్తున్నవారు మన నగరాలలో ఉన్నారు. వీధిలో బతకడం దానికి తెలియదు. దాని వల్ల ఇరుగుపొరుగుకూ ప్రమాదమే. వారానికి ఒక తరగతి, రోజుకు పది నిమిషాల సాధన అలాంటి కుక్కలను ఎన్నింటినో ఇంట్లోనే నిలుపుతుంది. మీ ఊళ్లో క్లబ్ లేకపోయినా, పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం రేపు ఉదయమే మీ వాకిట్లో మొదలుపెట్టవచ్చు.