కర్త ఎక్కడికి పోయాడు?

వార్తల్లో తప్పులంటే అందరికీ ముందు వత్తులే గుర్తొస్తాయి. 'అధ్యక్షుడు' కాస్తా 'అద్యక్షుడు' అయితే చాలు, పండితులు లేచి కూర్చుంటారు. యూనివర్సిటీలో మన పిల్లలు కరపత్రం వేసినా ముందు వెతికేది అవే. సరే, దిద్దుకుందాం. మరి వత్తులన్నీ కుదిరి కూడా తప్పయిన వాక్యాల సంగతేంటి?

'ఇరువర్గాల ఘర్షణలో ఆరుగురు దళితులు మృతి.' అచ్చుతప్పు ఒక్కటీ లేదు. 1985 జూలై 17న కారంచేడులో జరిగినదాన్ని ఈ వాక్యంలో పెట్టి చూడండి. మాదిగపల్లె మీద పడి, పారిపోతున్నవాళ్లను పొలాల్లో తరిమి చంపారు. 'చంపారు' అని రాస్తే చదివేవాళ్లు 'ఎవరు?' అని అడుగుతారు. 'మృతి' అని రాస్తే అడగరు. ఆ ఒక్క మాటతో కర్త మాయం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అదీ ఘర్షణేనా?

మ్యాన్‌హోల్‌లో 'ఊపిరాడక కార్మికుడి మృతి' కూడా ఇంతే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. వాక్యంలో దించినవాడు ఏడి?

'పరువు హత్య' ఇంకా ఘోరం. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ను నడిరోడ్డు మీద నరికితే అదే మాట వాడారు. అది హంతకుడి సాకు. దాన్ని పత్రిక తన మాటగా అచ్చేయడమేంటి? కులహత్య అనండి.

ఇక క్రియల దగ్గర కులం, హోదా పచ్చిగా కనబడతాయి. మంత్రి 'చెప్పారు', కూలీ 'చెప్పాడు'. మహిళా కలెక్టర్ 'చెప్పారు', రోడ్లూడ్చే పెద్దావిడ 'చెప్పింది'. తెలుగులో ఆవిడా వచ్చింది, ఆవూ వచ్చింది. (ఇంట్లో ప్రేమగా 'అమ్మ వచ్చింది' అనుకోవడం వేరు.) అచ్చులో ఆ 'రు' ఎవరికి పడాలో ఏ వ్యాకరణం తేల్చింది?

జర్నలిజం చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు డెస్కులో 'మృతి' అని కాపీ వస్తే రిపోర్టర్‌కు ఫోన్ చేయండి. ఎఫ్‌ఐఆర్‌లో ఎవరి పేర్లున్నాయో అడగండి. నేరం రుజువు కాలేదు కదా అంటారు. 'నిందితులు' అనే మాట ఉన్నది అందుకే. కోడి దొంగతనం కేసులో ఊరూ పేరూ తండ్రి పేరుతో సహా వేస్తున్నారుగా.

వచ్చే భాగంలో పోలీసు ప్రెస్ నోట్ల భాష చూద్దాం. జై భీమ్.