సెసమి అంతర్జాతీయ పరిశోధనా కేంద్రం

సెసమి జోర్డాన్ దేశంలోని అల్లాన్ అనే ఊరిలో ఉన్న అంతర్జాతీయ సింక్రోట్రాన్ పరిశోధనా కేంద్రం. ఇది రాజధాని అమ్మాన్‌కు వాయవ్యంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. పొడవైన ఆంగ్ల నామానికి ఇది సంక్షిప్త రూపం. (ఆంగ్లంలో నువ్వులకూ ఇదే పేరు. ఆలీబాబా కథలో గుహ తలుపు తెరిపించే మంత్రమూ ఇదే.) 2017 మే 16న జోర్డాన్ రాజు రెండవ అబ్దుల్లా దీనిని ప్రారంభించే నాటికి ఇందులో సైప్రస్, ఈజిప్టు, ఇరాన్, ఇజ్రాయిల్, జోర్డాన్, పాకిస్తాన్, పాలస్తీనా, టర్కీ సభ్యులుగా ఉన్నాయి. ఇరాన్, పాకిస్తాన్‌లు ఇజ్రాయిల్‌ను గుర్తించవు. టర్కీ సైప్రస్ ప్రభుత్వాన్ని గుర్తించదు. అయినప్పటికీ వీరందరి ప్రతినిధులకు ఒకే పాలక మండలిలో స్థానం ఉండడం ఈ సంస్థ విశేషం.

పనిచేయు విధానం

కాంతి వేగానికి అతి సమీపంలో పయనించే ఎలక్ట్రాన్‌ల మార్గాన్ని అయస్కాంతాలతో వంచినప్పుడు అవి తీవ్రమైన ఎక్స్-కిరణాలను, ఇతర కాంతిని వెలువరిస్తాయి. ఈ కాంతితో ప్రోటీన్‌ల నిర్మాణాన్ని, కొత్త పదార్థాలను, పురాతన వస్తువులను పరిశీలించవచ్చు. సెసమి వలయం చుట్టుకొలత 133 మీటర్లు, శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. మన ఇండోర్‌లోని ఇండస్-2 శక్తి కూడా ఇంతే. ఇటువంటి యంత్రం ఒకేసారి అనేక బృందాలకు ఉపయోగపడుతుంది. కనుకనే ఒక్కొక్క దేశం విడివిడిగా భరించలేని ఖర్చును కలిసి భరించడం ఇక్కడ సాధ్యమైంది.

ఆవిర్భావం

బెర్లిన్‌లోని బెస్సీ-1 యంత్రాన్ని మూసివేయదలచినప్పుడు, దానిని మధ్య ప్రాచ్యానికి తరలించవచ్చునని 1997లో హెర్మన్ వినిక్, గుస్తావ్-అడాల్ఫ్ వోస్ అనే శాస్త్రజ్ఞులు సూచించారు. జర్మనీ యంత్రాన్ని దానం చేసింది. జోర్డాన్ స్థలాన్ని, భవనాన్ని సమకూర్చింది. యునెస్కో అండతో, సెర్న్ నమూనాను అనుసరించి 2004లో సంస్థ ఏర్పడింది. పాత యంత్రంలోని ప్రారంభ భాగాలను మాత్రం ఉంచుకొని, ప్రధాన వలయాన్ని కొత్తగా నిర్మించారు.

అవాంతరాలు

సెసమి పనులతో సంబంధమున్న ఇరాన్ భౌతిక శాస్త్రవేత్తలు మసూద్ అలీమొహమ్మది, మజీద్ షహ్రియారి ఇద్దరూ 2010లో టెహ్రాన్‌లో హత్యకు గురయ్యారు. 2013 డిసెంబరులో మంచు తుఫానుకు భవనం పైకప్పు కూలిపోయింది. ఇన్ని జరిగినా సంస్థ నిలిచింది. 2023లో గాజా యుద్ధం మొదలైన తరువాత కూడా పని కొనసాగింది.

దీనిని తరచుగా శాంతికి చిహ్నంగా వర్ణిస్తుంటారు. అది నిజమే గాని, సంస్థను ఎక్కువగా పీడించినది సభ్యుల పరస్పర వైరం కాదు, ధనాభావం. 2012లో ఇరాన్, ఇజ్రాయిల్, జోర్డాన్, టర్కీ తలా 50 లక్షల డాలర్లు ఇవ్వడానికి అంగీకరించాయి. కానీ అంతర్జాతీయ ఆంక్షల వలన ఇరాన్ సొమ్ము పంపడం దుస్సాధ్యమైంది. ఇవ్వదలచిన దేశానికి బ్యాంకు దారి మూసుకుపోవడం వింతైన పరిస్థితి! వలయపు అయస్కాంతాలు ఐరోపా సమాఖ్య నిధులతో, సెర్న్ ఆధ్వర్యంలో తయారయ్యాయి. ఆ తరువాత జోర్డాన్‌లోని అధిక విద్యుత్ ధర సమస్య అయింది. 2019లో ఐరోపా సమాఖ్య నిధులతోనే 6.48 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఏర్పడిన తరువాతనే ఈ భారం తగ్గింది.

సెర్న్‌తో పోలిక

సెసమికి మాతృక అయిన సెర్న్ అనుభవం వేరుగా ఉంది. సోవియట్ యూనియన్‌కు చెందిన సెర్పుఖోవ్ సంస్థతో సెర్న్ 1967లోనే, ప్రచ్ఛన్న యుద్ధం నడుమ, ఒప్పందం కుదుర్చుకున్నది. కానీ ఉక్రెయిన్‌పై దాడి తరువాత, 2022 మార్చిలో, రష్యా పరిశీలక హోదాను నిలిపివేసింది. 2024 నవంబరు 30తో ముగిసిన సహకార ఒప్పందాన్ని పొడిగించలేదు. దానితో రష్యన్ సంస్థల ఉద్యోగులుగా ఉన్న శాస్త్రజ్ఞులకు సెర్న్ ద్వారాలు మూసుకుపోయాయి. ఇతర దేశాల సంస్థలలో పనిచేసే రష్యన్‌లకు ఈ అడ్డంకి లేదు. రష్యాలోనే, దుబ్నాలో ఉన్న సంయుక్త అణు పరిశోధనా సంస్థతో మాత్రం సెర్న్ సంబంధం తెగలేదు. కారణం, అది పలు దేశాల ఉమ్మడి సంస్థ. ఈ మినహాయింపును ఉక్రెయిన్ తీవ్రంగా వ్యతిరేకించింది.

ఈ తేడాకు ముఖ్య కారణం సభ్యత్వ స్వరూపంలో ఉన్నదని చెప్పవచ్చు. రష్యా సెర్న్‌లో ఎన్నడూ సభ్యదేశం కాదు. దాని ప్రవేశం గడువున్న ఒప్పందంపై ఆధారపడినది. గడువు తీరినప్పుడు ఎవరినీ బహిష్కరించనవసరం లేకుండానే సహకారం ఆగిపోయింది. సెసమిలోనైతే పరస్పరం గుర్తించుకోని దేశాలే వ్యవస్థ యజమానులు. అక్కడ సభ్యునికి హక్కు నిబంధనావళి నుండి వస్తుంది, ఇతర సభ్యుల దయ నుండి కాదు. అయితే ఈ ఏర్పాటులో ఒక లోపమూ ఉంది: చందా చెల్లించలేని సభ్యుని స్థానం నిలిచినా, యంత్రం నడవడానికి కావలసిన సొమ్ము రాదు.

భారతదేశం సెసమిలో సభ్యదేశం కాదు. 2002 నుండి సెర్న్‌లో పరిశీలక దేశంగా ఉండి, 2017 జనవరిలో అనుబంధ సభ్యత్వం పొందింది. ఈ హోదా వలన మన శాస్త్రజ్ఞులు అక్కడ ఉద్యోగాలకు, మన పరిశ్రమలు కాంట్రాక్టులకు పోటీపడవచ్చు. పాలక మండలిలో ఓటు మాత్రం లేదు.