కూలెంట్ పైపును ఇంట్లో మార్చుకుందాం, రోడ్డు మీద కాదు



కత్తిరి ఎండలు దగ్గరికొచ్చాయి. పెళ్ళిళ్ళు, గుడి పండగలు అని తిరుత్తంగల్ నుంచి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి దాకా మన బండ్లు తిరుగుతూనే ఉంటాయి. నాలుగు లైన్ల రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, ఆవిరి కక్కే కారు ముందు పట్టుచీరలతో, పిల్లలతో నిలబడిన కుటుంబాలను ప్రతి ఏడూ చూస్తున్నాం. ఆరా తీస్తే చాలాసార్లు తేలేది ఒక రబ్బరు పైపు. ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య కూలెంట్‌ను తిప్పే పైపు అది. దాని వెల వందల్లో ఉంటుంది. దాన్ని పట్టించుకోకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయి ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

ఈ విషయంలో మనలో రెండు కట్టులున్నాయి. ఒక కట్టు, "మనకెందుకు, మెకానిక్ చూసుకుంటాడు" అంటుంది. ఇంకొక కట్టు, "సైకిల్ ట్యూబు చుట్టి, నీళ్ళు పోసి పోదాం" అంటుంది. రెండూ తప్పే అని మా అభిప్రాయం. మొదటి కట్టు పైపు పగిలేదాకా చూడదు. రెండో కట్టు పగిలాక కూడా చూడదు. ఈ పని ఇంట్లో, చల్లటి ఇంజన్ మీద, తీరిగ్గా, పైపు పగలక ముందే చేయాల్సినది.

పైపు పాడైందని ఎలా తెలుస్తుంది? ఇంజన్ పూర్తిగా చల్లారాక పైపును చేత్తో నొక్కి చూడండి. మధ్యలో గట్టిగా ఉన్నా, క్లాంపు దగ్గర మెత్తగా తగిలితే లోపల రబ్బరు చీలుతోందని అర్థం. ఈ రబ్బరు ఎక్కువగా లోపలి నుంచే పాడవుతుంది. అందుకే పైకి నల్లగా, నిగనిగలాడుతూ ఉందని నమ్మకూడదు. ఉబ్బినా, పగుళ్ళు కనిపించినా, క్లాంపు చుట్టూ తెల్లటి, పచ్చటి మరక కట్టినా మార్చాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైనది రేడియేటర్ మూత. ఆ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టే లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగదు. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పితే ఒత్తిడి పోయి, అంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. టపాకాయలు, అగ్గిపెట్టెలు చేసే సీమలో పుట్టిన మనకు, నిప్పు దగ్గర తొందర పనికిరాదని వేరే చెప్పాలా? రాత్రి బండి నిలిపి, పొద్దున మొదలుపెట్టండి. కొన్ని కార్లలో తాళం తీసేసినా ఫ్యాను తిరుగుతుంది. అందుకని బ్యాటరీ వైరు తీసేయండి.

కింద బేసిన్ పెట్టి కూలెంట్ దించాలి. పాత పైపు అతుక్కుపోయి ఉంటే గుంజకండి, మెలితిప్పకండి. ఇప్పటి రేడియేటర్లలో ఆ మూతి ప్లాస్టిక్‌ది, విరిగిందంటే రేడియేటరే పోతుంది. పైపును బ్లేడుతో నిలువుగా కోసి, విప్పి తీయండి. బ్లేడు మూతికి తగలకూడదు. తర్వాత మూతిని శుభ్రంగా తుడవాలి. కొత్త పైపు ఎక్కడానికి కాస్త కూలెంట్ రాస్తే చాలు. నూనె, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. క్లాంపు మూతి అంచు గట్టుకు లోపలి వైపు కూర్చోవాలి. బలమంతా పెట్టి బిగిస్తే రబ్బరు తెగుతుంది.

నింపేటప్పుడు మెల్లగా పోయాలి. మూత తెరిచి పెట్టి, ఏసీలో వేడి వైపు తిప్పి, ఇంజన్ నడపండి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా పోస్తూ ఉండి, తర్వాత మూత వేయండి. లోపల గాలి మిగిలితే కొత్త పైపు వేసిన బండి కూడా వేడెక్కుతుంది. మొదటిసారి తిరిగొచ్చి, చల్లారాక మళ్ళీ మట్టం చూడాలి.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన ఊరి బోరు నీళ్ళు కాచిన గిన్నెలో తెల్లటి పొర ఎలా కడుతుందో అందరికీ తెలుసు. ఆ పొరే రేడియేటర్ సందుల్లోనూ కడుతుంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో బాయిలర్‌కు పోసే నీళ్ళ విషయంలో రైల్వేవాళ్ళు పడ్డ పాట్లలో ఈ పొర కూడా ఒకటి. కాబట్టి కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌నే, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. దారిలో వేరే గతి లేక మామూలు నీళ్ళు పోసినా, ఇంజన్ చల్లారాకే పోయాలి. ఊరు చేరాక అంతా కడిగి మార్చాలి.

దించిన పాత కూలెంట్‌ను కాలువలోనో చెట్టు మొదట్లోనో పారబోయవద్దు. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకుతాయి, పసిపిల్లలు వేలు పెడతారు. మూత గట్టిగా బిగించిన డబ్బాలో పోసి, పైన పేరు రాసి, వర్క్‌షాప్‌కు ఇవ్వండి.

"ఇలా అందరూ చేసుకుంటే మెకానిక్ తమ్ముళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?" అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్ళ చేతికి తగ్గ పనులు ఇంకా చాలా ఉన్నాయి. ఇంజన్ వెనక దూరిన హీటర్ పైపు, చెయ్యి దూరని సందులోని పైపులు, వారంటీలో ఉన్న బండి, బ్యాటరీ కారు, ఇవన్నీ వాళ్ళకే వదలాలి. పైకి కనబడే పైపు మాత్రం మనది. నడుం వంగని పెద్దవాళ్ళు పిల్లల చేత చేయించవచ్చు. ఆడపిల్లలకూ నేర్పండి. బండి నడిపే చేతికి బండి లోపల ఏముందో తెలియాలి కదా.

సంఘానికి మా మనవి ఇది. ఎండలు ముదరక ముందు ఒక ఆదివారం పొద్దున, ఎవరిదైనా పాత కారు నిలిపి, తెలిసిన మెకానిక్‌ను కూలి ఇచ్చి పిలిచి, అందరి ముందూ ఒక పైపు మార్చి చూపిద్దాం. క్లాంపు ప్లయర్, గరాటు, బేసిన్ సంఘం ఖర్చులో ఒక సెట్టు కొంటే, కావలసినవాళ్ళు తీసుకుపోయి తిరిగి ఇవ్వవచ్చు. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక కాగితంలో రాసి కారు పుస్తకంలో పెట్టుకోండి. వచ్చే నెల కూటంలో ఈ మాట ఎత్తుతాం. ఎవరి కారు తెస్తారో ఇప్పుడే చెప్పండి.