లోపలి లైను ఎవరికి?



మన మండపేట ప్రాంతంలో మంచు అంటే సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కాలవగట్టు మీద కమ్ముకునే పొగమంచే. గడ్డకట్టిన మంచును మనం చూసేది ఐసు ఫ్యాక్టరీలోనో, చేపల బుట్టలోనో. అలాంటి మంచును 400 మీటర్ల చుట్టు వచ్చేలా పరిచి, దాని మీద పరుగు పందెం పెట్టే దేశాలున్నాయి. బూటు అడుగున పొడవాటి సన్నని ఇనుప పట్టీ బిగించుకుని, నడుము వంచి, మంచు మీద జారుతూ పరుగెత్తుతారు. దీన్ని స్పీడ్ స్కేటింగ్ అంటారు. ఇందులో ఆడవాళ్ల 1500 మీటర్ల పందెం గురించి ఈ నెల చెప్పుకుందాం. మనకేం సంబంధం అనుకోకండి. ఆ పందెంలోని ఒక నియమం ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ పనికివచ్చేది.

ఈ పందెం మూడు చుట్లూ, ఇంకొక ముప్పావు చుట్టూ ఉంటుంది. మొదటే బలమంతా పెడితే చివరి చుట్టులో కాళ్లు మొరాయిస్తాయి. దాచుకుంటే కాలం మించిపోతుంది. ఇద్దరిద్దరు చొప్పున బయలుదేరుతారు. ఒకరు లోపలి లైనులో, ఇంకొకరు బయటి లైనులో. అందరి పరుగూ అయ్యాక ఎవరికి తక్కువ సమయం పట్టిందో వారిదే గెలుపు.

ఇక్కడే చిక్కుంది. పూర్వం కళ్లంలో కుప్ప నూర్చేటప్పుడు బంతికట్టిన ఎడ్లను మీ ఇంటి పెద్దలు చూసే ఉంటారు. లోపలి ఎద్దు మెల్లగా తిరిగితే చాలు, బయటి ఎద్దు వడివడిగా నడవాలి. మంచు మీద కూడా అంతే. వంపు తిరిగేచోట లోపలి లైనువారికి దూరం తక్కువ, బయటివారికి ఎక్కువ. అందుకని ప్రతి చుట్టులోనూ ఒకచోట ఇద్దరూ లైను మార్చుకోవాలని నియమం పెట్టారు. లోపలివారు బయటికి రావాలి, బయటివారు లోపలికి వెళ్లాలి. చివరికి ఇద్దరూ పరుగెత్తిన దూరం సమానమే అవుతుంది. మార్చుకునేచోట ఇద్దరూ ఒకేసారి ఎదురైతే, లోపలినుంచి వచ్చేవారే ఆగి దారి ఇవ్వాలి. అంతవరకు సుఖం అనుభవించినవారే తగ్గాలన్నమాట.

ఆ దారి ఇవ్వకపోతే ఏమవుతుందో 1992లో ఫ్రాన్సు దేశంలోని ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో లోకం చూసింది. 500 మీటర్ల పందెంలో చైనా క్రీడాకారిణి యే ఛావ్‌బోకు లైను మార్చుకునేచోట పక్క అమ్మాయి అడ్డుపడింది. అమెరికాకు చెందిన బానీ బ్లెయిర్ చేతిలో యే ఓడిపోయింది సెకనులో నూరింట 18 వంతుల తేడాతోనే. రజతంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. అడ్డుపడింది ఒక్క క్షణం, పోయింది స్వర్ణం.

మైదానంలో ఇంత న్యాయం ఉన్నా, ఆడవాళ్లు అసలు మైదానంలోకి రావడానికే చాలా కాలం పట్టింది. మగవాళ్లకు శీతాకాల ఒలింపిక్స్‌లో ఈ పందేలు 1924లోనే మొదలయ్యాయి. ఆడవాళ్లను 1932లో ప్రదర్శన కోసం మాత్రమే పరుగెత్తించారు. పతకాలు ఇచ్చింది 1960లో. అంటే 36 ఏళ్ల ఎడం! ఆ ఏడు 1500 మీటర్లలో గెలిచిన సోవియట్ యువతి లిడియా స్కోబ్లికోవా, 1964లో ఉన్న నాలుగు పందేలూ నాలుగు రోజుల్లో గెలిచి చూపించింది. అవకాశం లేనప్పుడు సత్తా లేదని అన్నవాళ్లకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

2022 ఫిబ్రవరి 7న బీజింగ్‌లో జరిగిన 1500 మీటర్ల పందెం కూడా చూడదగ్గది. నెదర్లాండ్స్‌కు చెందిన ఇరీన్ వూస్ట్ 1 నిమిషం 53.28 సెకన్లలో గెలిచింది. అప్పటికి ఆమెకు 35 ఏళ్లు. వరసగా ఐదు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన మొదటి క్రీడాకారిణి ఆమె. అర సెకను కూడా తేడా లేకుండా రెండో స్థానంలో వచ్చింది జపాన్ అమ్మాయి మిహో తకాగి. 2018లోనూ ఇదే పందెంలో, ఇదే వూస్ట్ చేతిలో ఓడి రజతమే తెచ్చుకుంది. మిహో చిన్నప్పుడు అన్న, అక్కల వెనకాలే మంచు మీదికి వెళ్లిన పిల్ల. అన్న వెళ్లినచోటికి చెల్లెలు వెళ్లకూడదని ఆ ఇంట్లో అనలేదు. ఓడిన పది రోజులకు అదే బీజింగ్‌లో 1000 మీటర్లలో ఆమె స్వర్ణం గెలిచింది.

మన దేశం మాటకు వద్దాం. మనకు చక్రాలు బిగించిన బూట్లతో నేలమీద పరుగెత్తే పందెం ఉంది. 2023 అక్టోబరు 2న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3000 మీటర్ల రిలేలో సంజన బత్తుల, కార్తీక జగదీశ్వరన్, హీరల్ సాధు, ఆరతి కస్తూరి రాజ్ కలిసి కాంస్యం తెచ్చారు. మన తెలుగునాట వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలిపని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ జీవాంజి దీప్తి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్ల అని ఊళ్లో హేళన చేశారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో ఆమె కాంస్యం గెలిచింది. హేళన చేసినవారి మాట విని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే ఆ పతకం వచ్చేదా?

ఇప్పుడు మన ఇళ్లలోకి చూసుకుందాం. బడినుంచి వచ్చిన కొడుకు పుస్తకాల సంచి పడేసి ఆటకు పోతాడు. కూతురు బిందె పట్టుకుని కుళాయి దగ్గరకు పోతుంది. తరవాత అంట్లు, ఆ తరవాత తమ్ముడి బాధ్యత. ఈడేరిందంటే బడిలో ఆటల పిరియడు కూడా మాన్పిస్తాం. "ఎండకు నల్లబడుతుంది, దెబ్బ తగిలితే రేపు పెళ్లెలా?" అంటాం. పరీక్షలో తమ్ముడికంటే నాలుగు మార్కులు తగ్గితే మాత్రం "నీకు చదువు అబ్బలేదు" అంటాం. ఒకరు రోజూ లోపలి లైనులో, ఒకరు రోజూ బయటి లైనులో పరుగెత్తితే, ఆ మార్కుల తేడా పిల్లలదా? లైను మార్చని పెద్దలదా?

ఆడపిల్లలందరూ పతకాలు తేవాలని నేననడం లేదు. పని చెప్పవద్దనీ అనడం లేదు. పని ఇద్దరికీ చెప్పండి, ఆట ఇద్దరికీ ఇవ్వండి. ఒక వారం నీళ్లు అన్న తెస్తే, చెల్లెలు ఆ గంట ఆడుకోనివ్వండి. మరుసటి వారం మార్చండి. ఇద్దరి అవసరం ఒకేసారి ఎదురైనప్పుడు, ఇంతకాలం సుఖంగా ఉన్నవాణ్ణి కాస్త ఆగమనండి. వాడికీ అది మంచిదే. రేపు భార్యకు దారి ఇవ్వడం ఈ రోజు అక్కచెల్లెళ్ల దగ్గరే నేర్చుకుంటాడు.

ఈ సాయంత్రం కుటుంబమంతా కూర్చున్నప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

1. మన ఇంట్లో బడి అయ్యాక ఖాళీ సమయం ఎవరికి ఎంత ఉంది?
2. ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో మనం మాన్పించినది ఏమిటి?
3. వచ్చే వారం నుంచి ఏ ఒక్క పని మార్చుకోగలం?

జవాబులు పిల్లల్ని చెప్పనివ్వండి. పెద్దలు వినండి. వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.