రథానికి రూపమిచ్చిన వారి పేరేది?

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని టిప్ సిటీ ఒక చిన్న పట్టణం. ఫోర్డ్ కంపెనీలో దాదాపు నలభై ఏళ్లపాటు కార్లకు రూపకల్పన చేసిన గేల్ హాల్డర్‌మన్ పదవీ విరమణ అనంతరం అక్కడి తమ కుటుంబ వ్యవసాయ క్షేత్రంలోని పాత కొట్టాన్ని మ్యూజియంగా మార్చారు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో విడుదలైన మస్టాంగ్ కారు ఆయన గీసిన బొమ్మ ఆధారంగానే రూపుదిద్దుకుంది. ఆ కారంటే ప్రాణమిచ్చే అభిమానులు దూరప్రాంతాల నుంచి ఆ కొట్టానికి వచ్చేవారు. ఆయనతో కరచాలనం చేసి, సంతకం తీసుకుని, ఆ గీత ఎలా పుట్టిందో ఆయన నోటనే విని వెళ్లేవారు. 2020 ఏప్రిల్‌లో, 87 ఏళ్ల వయసులో హాల్డర్‌మన్ కన్నుమూసినప్పుడు ఆ వార్త ప్రపంచమంతటా పత్రికలకెక్కింది.

ఇలాంటి వార్తలను తెలుగు చేయడం డెస్క్‌లో పనిచేసే మావంటి వారి నిత్యకృత్యం. 'మజిల్ కార్' అన్న మాట దగ్గర కలం ఆగుతుంది. 'కండల కారు' అంటే పాఠకుడు నవ్వుతాడు. అందుకే దాన్ని అలాగే ఉంచి, శక్తిమంతమైన ఇంజన్ అమర్చిన అమెరికన్ కారు అని వివరణ జోడిస్తాం. 'డిజైనర్' విషయంలో ఇబ్బంది ఇంకొక రకం. రూపకర్త, రూపశిల్పి అని రాస్తాం గానీ అవి రెండూ ఈ మధ్య పుట్టిన మాటలే. నిజానికి మనకు అంతకంటె చాలా పాత మాట ఒకటి ఉంది. అది రథకారుడు. తైత్తిరీయ బ్రాహ్మణం వర్షర్తువులో అగ్న్యాధానం చేసే అధికారాన్ని రథకారునికి ఇచ్చింది. బండి కట్టేవాడికి యజ్ఞవేదిక దగ్గర స్థానం కల్పించిన సమాజం మనది. ఆ మాట నిఘంటువుకు పరిమితమైపోయింది. ఆ మనిషి మాత్రం ఇంకా ఉన్నాడు. ఆయనను చూడాలంటే టిప్ సిటీ దాకా పోనక్కరలేదు. బస్తర్ వెళితే చాలు.

ఉమర్‌గావ్ వడ్రంగులు

ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో జరిగే బస్తర్ దసరాకు రామాయణంతో సంబంధం లేదు. అక్కడ రావణ దహనం ప్రధానం కాదు. 75 రోజులపాటు సాగే ఆ ఉత్సవం దంతేశ్వరీ దేవిది. శ్రావణంలో హరేలీ అమావాస్యనాడు ఒక దుంగను పూజించే 'పాట్ జాత్రా'తో అది ఆరంభమవుతుంది. అంటే ఉత్సవంలో మొదటి పూజ అందుకునేది కలప. ఆ తరువాత బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అనే రెండు గ్రామాల పనివారు జగదల్‌పూర్ చేరుకుని రథ నిర్మాణానికి పూనుకుంటారు. ఇది ఆ గ్రామాల కుటుంబాలకు వంశపారంపర్యంగా సంక్రమించిన విధి. బాడిస, ఉలి, గొడ్డలి వారి సాధనాలు. కాగితం మీద నక్షా ఉండదు. ఏ దూలం ఎంత పొడవుండాలో, ఇరుసుకు ఏ కర్ర తగునో, చక్రం ఎంత మందం ఉంటే జనం లాగుతున్నప్పుడు విరగకుండా ఉంటుందో తండ్రి చేతిని చూసి కొడుకు నేర్చుకున్నదే.

నాలుగు చక్రాల ఫూల్ రథం, ఎనిమిది చక్రాల విజయ రథం అని రథాలు రెండు రకాలు. ఏటా కొత్త కలపతో రథం కట్టడం ఆచారం. దాన్ని లాగే తాళ్లు కూడా అడవి తీగల నారతో పేనినవే. విజయదశమి రాత్రి మాడియా గిరిజనులు రథాన్ని 'అపహరించి' కుమ్‌డాకోట్‌కు లాక్కుపోతారు. మరునాడు రాజకుటుంబం అక్కడికి వెళ్లి వారితో కలిసి కొత్త బియ్యపు అన్నం తిని, వారిని సమాధానపరచి రథాన్ని తిరిగి తెచ్చుకోవాలి. పాలకుడు ప్రజలను బతిమాలుకునే ఘట్టం ఏటా ఒక వాహనం సాక్షిగా జరుగుతున్నదన్నమాట.

తెలుగు పాఠకులకు ఇది పరాయి కథ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతి దిశగా సాగి బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడన్నది ఆ వంశంవారి సంప్రదాయం. 1703 నాటి దంతేవాడ శాసనం ఈ కాకతీయ సంబంధాన్ని చెబుతున్నది. దేవి ఆయన వెంట అందెల రవళితో నడిచి వచ్చిందనీ, శంఖినీ డంకినీ నదుల సంగమం వద్ద ఇసుకలో అందెల సవ్వడి ఆగగానే ఆయన వెనుదిరిగి చూశాడనీ, దాంతో ఆమె అక్కడే నిలిచిపోయిందనీ ఐతిహ్యం. ఆ వంశంలోనే పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర చేసి 'రథపతి' బిరుదుతో తిరిగి వచ్చాక బస్తర్‌లో రథోత్సవం ఆరంభమైందంటారు. రాజు పేరు, బిరుదు చరిత్రకు తెలుసు. మొదటి రథాన్ని తొలిచిన వడ్రంగి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

చెంబును చేసిందెవరు?

ఇది సామూహిక కళ, ఇందులో వ్యక్తి పేరు వెతకడం పాశ్చాత్య ధోరణి అని కొందరు వాదించవచ్చు. ఆ వాదనకు గట్టి ఆధారమే ఉంది. భారత ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన అమెరికన్ రూపకర్తలు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదికలో మన చెంబును ఎంతగానో ప్రశంసించారు. దాన్ని ఏ ఒక్కరో రూపొందించి ఉండరనీ, అనేక తరాల అనుభవం దానికి ఆ ఆకృతి ఇచ్చిందనీ వారి అభిప్రాయం. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ స్థాపనకు ఆ నివేదికే పునాది.

ఈ మాటలో సత్యం ఉంది. అయితే మనకు సౌకర్యంగా ఉండే ఒక సాకు కూడా దాగి ఉంది. మస్టాంగ్ మాత్రం ఒక్కరి సృష్టి ఎలా అవుతుంది? 1962లో ఫోర్డ్ కంపెనీలోని మూడు స్టూడియోలు పోటీపడి నమూనాలు తయారుచేశాయి. జో ఒరోస్ నాయకత్వంలోని స్టూడియో నెగ్గింది. గీత హాల్డర్‌మన్‌ది. బంకమట్టితో నిలువెత్తు నమూనా మలిచినవారు వేరు. అడుగుభాగం ఫాల్కన్ అనే మరో కారు నుంచి తీసుకున్నది. వెనక నిలిచి నడిపించింది లీ అయకోకా. ఎవరి వాటా ఎంతన్న చర్చ ఆ తరువాత కూడా సాగింది. అంటే అదీ సామూహిక కృషే. అయినా ఆ సమూహంలో ప్రతి ఒక్కరికీ పేరుంది, జీతముంది, పింఛను ఉంది. ఒకరికి మ్యూజియం కూడా ఉంది. సమూహం అన్న కారణంతో వారినెవరూ అనామకులుగా మిగల్చలేదు. మన దగ్గర మాత్రం 'తరతరాల సంప్రదాయం' అన్న పొగడ్త ఆ తరాలలో ఇప్పుడు బతికి ఉన్న మనిషిని మరుగుపరుస్తున్నది. పేరు లేనివాడి పనికి వెలకట్టే అవసరం ఎవరికీ తోచదు.

మరో సంగతి గమనార్హం. డెట్రాయిట్ స్టూడియోలలో నమూనాకు వాడే మట్టిలో మైనం కలుస్తుంది. బస్తర్‌లోని కొండగావ్ ఘడ్వా శిల్పులు కూడా మట్టి, మైనంతోనే పనిచేస్తారు. మట్టి ముద్దపై తేనెమైనపు దారాలు చుట్టి ఆకృతి తీర్చి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక అచ్చును పగలగొట్టవలసిందే. కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకే తీరున ఉండవు. మస్టాంగ్ చిహ్నం పరుగెత్తే గుర్రం. ఘడ్వాల పనిలోనూ గుర్రమెక్కిన దేవుడు తరచుగా కనిపిస్తాడు. కొండగావ్‌కు చెందిన దివంగత జయదేవ్ బఘేల్ తన పేరుతో దేశవిదేశాలలో గుర్తింపు పొందడం వల్ల ఆ ఊరి పేరు కూడా బయటి ప్రపంచానికి తెలిసింది. ఒకరికి పేరు వస్తే సమూహానికి నష్టం కలుగుతుందన్న భయం నిరాధారమని ఇదే చెబుతున్నది. బస్తర్ ఢోక్రాకూ, మన ఆదిలాబాద్ ఓజాల డోక్రాకూ భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ప్రాంతానికి రక్షణ ఇస్తుందే గాని చేసిన చేతికి పేరునివ్వదు.

ఇనుము వెళ్లిన దారి

ఇదంతా కళాభిమానుల గొడవ, ఆర్థిక వ్యవహారాల పుటలో దీనికేం పని అని అడిగేవారికి బస్తర్ ఇనుమే సమాధానం. బైలాడిలా కొండల నుంచి 1968లో తవ్వకం మొదలైంది. జపాన్ సహకారంతో నిర్మించిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలో, అరకు కనుమల మీదుగా సుమారు 445 కిలోమీటర్లు ప్రయాణించి ఆ ఖనిజం విశాఖ రేవుకు చేరింది. అక్కడి నుంచి జపాన్ ఉక్కు కర్మాగారాలకు వెళ్లింది. జపాన్ కార్లు ప్రపంచ విపణిని జయించిన దశాబ్దాలు కూడా అవే. మనం ముడి ఇనుమును టన్నుల లెక్కన అమ్మాం. వారు ఉక్కు చేశారు, దానికి ఆకృతినిచ్చారు, ఆ ఆకృతికి వెల కట్టి ప్రపంచానికి అమ్మారు.

జగదల్‌పూర్ సమీపంలోని నగర్నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారం 2023లో ప్రారంభమైంది. తవ్వకం మొదలైన 55 ఏళ్లకు బస్తర్ ఇనుము బస్తర్‌లోనే ఉక్కు కావడం హర్షణీయం. కాని ఇది రెండవ మెట్టు మాత్రమే. అన్నిటికంటె ఎక్కువ విలువ చేకూరేది మూడవ మెట్టున, ఆకృతి దగ్గర. ఈ విషయంలో మన పరిస్థితీ ఏమంత భిన్నంగా లేదు. పెనుకొండలో 2019 నుంచి లక్షలాది కియా కార్లు తయారవుతున్నాయి. వాటికి బిగింపు పని మన యువకులది. కంపెనీ కొరియాది. పెనుకొండలో తయారైన కారు రూపకర్తను కలవాలని ఒక విద్యార్థి కోరితే ఏ ఊరు చూపిస్తాం?

రూపకల్పన శక్తి మనకు లేదనుకోవడం పొరపాటు. వందలాది జనం ఇరువైపులా లాగుతుంటే వీధుల్లో మలుపులు తిరిగే రెండంతస్తుల వాహనాన్ని నక్షా లేకుండా కట్టగలిగిన ఊళ్లు ఈ దేశంలో ఉన్నాయి. వారికీ, ఇంజనీరింగ్ కళాశాలకూ, కర్మాగారానికీ మధ్య దారి వేయకపోవడమే లోపం.

చేయదగినది ఏమిటి? మొదట, రథ నిర్మాణంలో పాల్గొనే ప్రతి పనివాడి పేరుతో ఉత్సవ సమితి ఏటా ఒక పట్టిక ప్రచురించాలి. రథంపై పేరు చెక్కనవసరం లేదు. అది దేవి రథం, ఆ పవిత్రతను గౌరవించవలసిందే. కాని కాగితం మీద పేరుంటే తప్పేమీ లేదు. రెండవది, వారి పనిదినాలకు నిపుణ శ్రామికుల వేతనం కంటె తక్కువ కాని ప్రతిఫలం చెల్లించాలి. భక్తి వారిది, బాధ్యత ప్రభుత్వానిది. మూడవది, గుగ్గిలం చెట్ల సంగతి. సాల వృక్షంగా పిలిచే ఆ చెట్టు గింజ రాలిన కొద్ది రోజులకే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. అది అడవిలో సహజంగా పెరగాలే తప్ప అవసరమైనప్పుడు తోట వేసి తెచ్చుకునేది కాదు. కలప లేనినాడు రథకారుడూ ఉండడు. నాల్గవది, 2015లో గుంటూరు కేంద్రంగా ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వంటి సంస్థల విద్యార్థులు ఒక వర్షాకాలం జగదల్‌పూర్‌లో గడపాలి. నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి. కొలతలు రాసుకుని, బొమ్మలు గీసి, ప్రతి బొమ్మ కింద చెప్పినవారి పేరు రాయాలి.

హాల్డర్‌మన్ మరణించినప్పుడు ఆయన మొదటి గీత ఏ కారులో మిగిలిందో చెప్పగలవారు వేలమంది ఉన్నారు. బేడా ఉమర్‌గావ్‌లో ఒక వృద్ధ వడ్రంగి కన్నుమూస్తే ఆయన కట్టిన రథం కూడా మిగలదు. మరుసటి ఏడు కొత్త కలప వస్తుంది, కొత్త చేతులు పడతాయి. ఆ చేతులు కూడా రాకపోతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ముందు ఆ ఊరికి వెళ్లి, అక్కడివారి పేర్లు అడిగి తెలుసుకోవాలి. హరేలీ అమావాస్య ఏటా వస్తుంది. రైలు విశాఖ నుంచే ఉంది.