రొట్టె దొరికిందా?

కొత్త ఊళ్ళో కాపురమంటే తిప్పలు ఒకటా రెండా! పాలు ఎవరు పోస్తారు, నల్లా ఏ వేళకు వస్తుంది, పిల్లల బడి ఆటో ఎవరిది... ఇవన్నీ వారం పది రోజుల్లో తేలిపోతాయి. తేలనిదల్లా తిండి సంగతే. జహీరాబాద్ నుంచి బదిలీ మీద హన్మకొండ వచ్చిన ఓ ఉద్యోగి ఇంట్లో నెలన్నర దాకా తేలనిది రొట్టె.

కోడలికి మొదట తట్టింది బేకరీయే. సుబేదారి నుంచి చౌరస్తా దాకా వాటికి కొదవ లేదు. బ్రెడ్డు తెచ్చి పెడితే మామగారు పళ్ళెం వంక చూసి, "నాకేమన్న జరమొచ్చిందా బిడ్డా?" అన్నారు. ఆయన తప్పేం లేదు. మన ఇళ్ళలో బ్రెడ్డంటే జ్వరపు తిండే కదా! ఎంజీఎం ఆస్పత్రికి రోగిని చూడబోయేవాళ్ళ సంచిలో పళ్ళతో పాటు ఉండేది అదే. డెబ్బై ఏళ్ళుగా రాత్రిపూట జొన్నరొట్టె తిన్న మనిషికి, అందునా షుగరున్న మనిషికి, తియ్యటి మైదా ముక్క ఎలా ఒప్పుతుంది? అన్నం పెడితే రెండు ముద్దలతో లేచేవారు. నెల తిరిగేసరికి చొక్కాలు వదులయ్యాయి.

రొట్టె చేయడం కోడలికి రాదు. అక్కడున్నన్నాళ్ళూ ఆ పని అత్తగారిది. ఆవిడ పోయాక పక్కింటావిడ చేసిచ్చేది. ఇక్కడి పక్కింటివాళ్ళను అడిగితే, "మా నాయనమ్మ చేసేదమ్మా" అన్నారు. వరంగల్ చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ కాకతీయుల కాలం నాటివే. చెరువు కింద వరి, చెలకలో జొన్న, మక్క. ఆ జొన్నలైనా రొట్టెగానే కాదు, గట్కగానూ కంచంలోకి వచ్చేవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింటి పొయ్యి మీదా అన్నం ఉడికింది. చెలకల్లో పత్తి పరుచుకుంది. బియ్యం కడుపు నింపిందన్నది నిజం, దాన్ని తప్పు పట్టడానికి లేదు. రొట్టె తట్టే చెయ్యి మాత్రం చాలా ఇళ్ళలో ఒక తరంతోనే ఆగిపోయింది.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక జొన్నపిండి ప్యాకెట్లకు గిరాకీ వచ్చింది. ఒకటి తెచ్చి ప్రయత్నిస్తే అంచులు పగిలి, పెనం చేరేలోపే రెండు ముక్కలైంది. రుచీ కాస్త చేదు.

ఇక మిగిలింది రోడ్డు పక్క పొయ్యి. చీకటి పడే వేళకు జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ళు ఇప్పుడు తెలంగాణ పట్నాల్లో చాలాచోట్ల కనిపిస్తారు. డాక్టరు అన్నం తగ్గించమన్నవాళ్ళే అక్కడ ఎక్కువ. (జొన్నరొట్టె కదా అని నాలుగు లాగిస్తే షుగరు తగ్గదు సుమా! అదీ పిండి పదార్థమే.) మొదట తెచ్చిన రొట్టెలు తెల్లగా, సాగుతూ ఉన్నాయి. గోధుమపిండి కలిసిందని మామగారు మొదటి ముక్కకే పట్టేశారు. రెండోచోట మాత్రం పొయ్యి దగ్గరి పెద్దావిడ కోడలి ప్యాకెట్ కథంతా విని నవ్వింది. "ఎన్నడు పట్టిన పిండో ఏమో! గట్లయితే ఇరగక ఏమైతది చెల్లే? గిర్నీల జొన్నలు పట్టియ్యి. నీళ్ళు మస్తు మసలాలె."

ఆమె చెప్పిన రెండు మాటల్లోనే అసలు కిటుకంతా ఉంది. గోధుమలో సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ జొన్నలో ఉండదు. మసిలే నీళ్ళు పోస్తేనే పిండి కొంత ఉడికి జిగురు పడుతుంది. ముద్దంతా ఒకేసారి కలిపి పెట్టుకోకుండా ఒక్కో రొట్టెకు అప్పటికప్పుడు మెదుపుకోవాలి. పెనం మీద వేశాక పైన తడిచేత్తో రాసి, ఆ తడి ఆరుతుండగా తిప్పాలి. పిండి నిలవుంటే అందులోని కొవ్వు కనరెక్కి చేదు దిగుతుంది. అందుకే వారానికి సరిపడా పట్టించుకుంటే చాలు.

ఆ ఆదివారమే రెండు కిలోల జొన్నలు గిర్నీకి వెళ్ళాయి. మొదటి మూడు రొట్టెలూ పగిలాయి. నాలుగోది పెనం మీద అక్కడక్కడా పొంగింది. కోడలు దాన్ని పచ్చిపులుసు, ఉల్లిగడ్డతో మామగారి ముందు పెట్టి అక్కడే నిలబడింది. ఆయన తుంచి, నమిలి, "అంచు మందమైంది" అన్నారు.

తర్వాత పళ్ళెం ముందుకు జరిపారు, ఇంకోటి వేయమని.